ఊర్లో విపత్తు పాఠాలు చెప్పే పని బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా కమలాపురం దగ్గర, పాపాగ్ని ఒడ్డున ఉండే పల్లె. మా అమ్మాయి కడపలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది, ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో ఉంది. 2021 వరదలు చూసినప్పటి నుంచి, పల్లె జనానికి విపత్తుల గురించి నేర్పే పనే చేస్తానంటోంది. దీంట్లో కూడు దొరుకుతుందా? ఏం చదివించాలి? ఆడపిల్ల ఊర్లెంబడి తిరగడమంటే మాకు భయంగా కూడా ఉంది.

జవాబు: ఈ పని పేరుతోనే వచ్చే సర్కారు నోటిఫికేషన్ కోసం కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. 2005 చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది గానీ, అందులో అచ్చంగా ఈ పనికే పెట్టిన కొలువులు తక్కువ. స్వచ్ఛంద సంస్థల్లో అవకాశాలున్నా, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. ఎన్‌డీఆర్‌ఎఫ్‌ (జాతీయ విపత్తు స్పందన దళం)లో చేరొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. దానికి నేరుగా నియామకాలు లేవు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచే డిప్యుటేషన్ మీద తీసుకుంటారు.

కాబట్టి డిగ్రీ మధ్యలో ఆపించొద్దు. బీఎస్సీ పూర్తి చేస్తూ, పక్కనే ఈ పని నేర్చుకోమనండి. డిగ్రీలో ఉండగానే ఇగ్నో సార్వత్రిక యూనివర్సిటీలో ఆరు నెలల విపత్తు నిర్వహణ సర్టిఫికెట్ కోర్సు చేయొచ్చు, దానికి ఇంటర్ చాలు. డిగ్రీ అయ్యాక అక్కడే పీజీ డిప్లొమా ఉంది, కనీసం ఏడాది. పూర్తిగా ఇదే దారి పట్టాలనుకుంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో విపత్తు నిర్వహణ పీజీ మంచిది, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. డబ్బు పెట్టక్కర్లేని శిక్షణ ‘ఆపద మిత్ర’. 18 నుంచి 40 ఏళ్ల వాళ్లకు రక్షణ, ప్రథమ చికిత్స నేర్పే పథకమిది. మన జిల్లాలో తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కలెక్టరేట్‌లోని విపత్తు విభాగంలోనూ, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌నూ అడగండి.

ఇవన్నీ ఉన్నా ఇంటర్వ్యూలో అడిగేది ఒకటే: ఏ ఊర్లో ఏం చేశావు? దానికి జవాబు మీ ఊర్లోనే తయారవుతుంది.

మీ ఊరికి విపత్తు ప్లాను తయారుచేయడం మే నెలలో మొదలుపెట్టమనండి. మీటింగు పెట్టి ఉపన్యాసం చెబితే వచ్చేది బడిపిల్లలూ ముసలివాళ్లూ మాత్రమే, కలుపు రోజుల్లో పగలు పదకొండు గంటలకైతే వాళ్లూ రారు. సాయంత్రం రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయిస్తే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి దిద్దుతారు. వంక, చెరువు కట్ట, మరవ (చెరువు అలుగు), మిద్దెలు, బోర్లు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ అందులో రావాలి. గాలికి చెదిరేలోపు ఫోటో తీసి, ఆ రాత్రే చార్టు మీదికి ఎక్కించాలి. మగవాళ్లు గీసిన పటంలో నీళ్లు తెచ్చుకునే దారులూ పసిబిడ్డలున్న ఇళ్లూ తరచూ తప్పిపోతాయి, అందుకే పొదుపు సంఘం ఆడవాళ్లతో ఇంకోటి విడిగా గీయించాలి.

తర్వాత 2021 వరద ఏ గోడకు ఎంత ఎత్తు వచ్చిందో టేపుతో కొలిచి రంగు గీత పెట్టాలి. ఆ గీతకూ, పునరావాసమని రాసుకున్న బడి నేలకూ ఎత్తు తేడా ఎంతో మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపుతో చూడాలి. ఎక్కువ ప్లాన్లు దెబ్బతినేది ఇక్కడే: బడి గీత కన్నా పల్లంలో ఉంటుంది, లేదా వంక దాటితే గానీ బడి రాదు. ఉరవడిగా పారే నీళ్లు జానెడు లోతున్నా చాలు, పెద్ద మనిషి కాలు నిలవకపోవచ్చు. అలాగే గదికి యాభైమంది అని కాగితం మీద రాసేస్తుంటారు. అంతర్జాతీయ ప్రమాణం మనిషికి మూడున్నర చదరపు మీటర్లు, రోజుకు 15 లీటర్ల నీళ్లు. ఆరు మీటర్లకు ఆరు మీటర్ల గదిలో ఈ లెక్కన పదిమందే పడతారు. మిగతావాళ్లకు కల్యాణ మండపమో గుడి మండపమో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, తాళం ఎవరి దగ్గరుంటుందో రాసుకోవాలి.

నడవలేని వాళ్లు, నిండు గర్భిణులు, మంచం పట్టినవాళ్ల జాబితాలో ఒక్కొక్కరికి ఇద్దరు సాయపడేవాళ్ల పేర్లుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. మన పక్క కూలికి బెంగళూరు పోయేవాళ్లు ఎక్కువ, మూడు నెలలకోసారి సరిచేయని జాబితా చిత్తుకాగితం కిందే లెక్క. పశువుల సంగతి రాయకపోతే మాత్రం ఎవరూ ఇల్లు కదలరు. గొడ్లను ఎవరు విప్పాలి, ఏ గట్టుకు తోలాలి అనేది మనుషుల దారితో పాటే తేల్చాలి.

హెచ్చరిక అందే దారి ఒక్కటే ఉంటే లేనట్టే. వానరాత్రి మొదట పోయేది కరెంటు, దాంతో గుడి మైకు, మసీదు మైకు రెండూ మూగబోతాయి. బ్యాటరీ మెగాఫోన్ ఒకటి, డప్పు కొట్టేవాళ్లు ఇద్దరు, వీధికొక ఫోన్ నంబరు ఉండాలి. వాతావరణ శాఖ హెచ్చరికల్లో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. ఈ అంకెలు జనానికి అర్థం కావాలంటే నిలువు గోడల డబ్బాలో వాన పట్టి స్కేలుతో కొలిచి చూపాలి. చెరువు కట్ట దిగువన ఊటగా వచ్చే నీళ్లు తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి, బురదగా వస్తుంటే కట్ట లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం, వెంటనే దిగువ ఇళ్లు ఖాళీ చేయించాలి.

ఒక్క వరదతో ఆపకూడదు. మన చేలల్లో పిడుగులు కూడా ప్రాణాలు తీస్తాయి. మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పదికిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గొర్రెల కాపరులు చెట్టు కిందికి పోకుండా పక్కా ఇంట్లోకి చేరాలి, చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే ‘దామిని’ యాప్ ఫోన్‌లో పెట్టడం నేర్పితే ఇంకా మేలు.

సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకు ముందు, మాక్‌డ్రిల్ (ఊరు ఖాళీ చేసే రిహార్సల్) పెట్టాలి. మొదటిది పగలు, రెండోది చీకటి పడ్డాక. డప్పు మోగినప్పటి నుంచి చివరి మనిషి చేరేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ ఆగిపోయారో రాయాలి. మొదటిసారి బాగా సాగిందని రాసిన నివేదికను నేనైతే నమ్మను. పటం, జాబితా, నిమిషాల లెక్క, తప్పులు, దిద్దుబాట్లు కలిపి పది పేజీలు తెలుగులో, రెండు పేజీలు ఇంగ్లీషులో ఫైలు చేసి, వీఆర్వో సంతకం, కాలేజీ ముద్ర వేయించుకోవాలి. అనంతపురం ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి స్వచ్ఛంద సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు మార్కుల లిస్టు పక్కన ఇదే పెట్టాలి. ఖాళీ ఉన్నప్పుడు కంప్యూటర్‌లో పటాలు గీసే క్యూజీఐఎస్ నేర్చుకోమనండి. ఉచిత సాఫ్ట్‌వేరే, ముగ్గుపిండి పటం కంప్యూటర్ పటమైతే విలువ పెరుగుతుంది.

మీ భయం కొట్టిపారేసేది కాదు. ఒంటరిగా పంపొద్దు, ఆశా కార్యకర్తతోనో పొదుపు సంఘం లీడరుతోనో వెళ్లాలి, రాత్రి డ్రిల్లు ఎన్‌ఎస్‌ఎస్ బృందంతోనే చేయాలి. ఒక మాట మాత్రం నిజం: ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడగలిగేది అమ్మాయిలే, సంస్థలు ఆ పనికి వాళ్లనే వెతుక్కుంటాయి.

‘నూరు శాతం ఉద్యోగం’ అని ప్రైవేటు డిప్లొమాకు ఎవరైనా ఫీజు అడిగితే, కట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఆ డిప్లొమా ఇచ్చేది యూజీసీ గుర్తింపున్న యూనివర్సిటీయేనా, ఫీల్డులో ఎన్ని రోజులు తిప్పుతారు, పోయినేడు చదివినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా. మూడోదానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.