క్లోన్ చేశాక కూడా సిస్టమ్ స్లోగానే ఉంటే

పాత హార్డ్ డిస్క్‌ని ఎస్ఎస్‌డీకి (దానికన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్) క్లోన్ చేశాను, అంటే ఉన్నదున్నట్టు నకలు తీశాను, అయినా సిస్టమ్ ఆన్ అవడానికి రెండు నిమిషాలు పడుతోంది అని అడిగారు. మీ ఎస్ఎస్‌డీ తప్పేం లేదు, విండోస్ ఇంకా పాత హార్డ్ డిస్క్ నుంచే లేస్తున్నట్టుంది. రెండు నిమిషాలు పడుతోందన్నారుగా, అదే గుర్తు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. సీ డ్రైవ్ ఉన్న డిస్క్ కింద హెచ్‌డీడీ (అంటే హార్డ్ డిస్క్) అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

1. షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయండి.

2. పాత డిస్క్‌కున్న సన్నటి సాటా కేబుల్ (డేటా వెళ్లే వైరు) పీకేయండి. చాలామంది వదిలేసేది ఇదే. ఒకదానికొకటి నకలైన డిస్కులు రెండూ తగిలించి ఉంటే, ఏది బూట్ అయిందో మనకే తెలీదు. నాకైతే ఒక ఆదివారమంతా ఇలాగే పోయింది.

3. ఆన్ చేయండి. ఎస్ఎస్‌డీతో లేస్తే మళ్లీ ఆపి, కేబుల్ పెట్టి, బయాస్ (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులు) బూట్ ఆర్డర్‌లో, అంటే ఏది ముందు లేవాలో చెప్పే జాబితాలో, ఎస్ఎస్‌డీ పేరున్న విండోస్ బూట్ మేనేజర్‌ని అన్నిటికన్నా పైకి తెండి.

లేవలేదా? సీ డ్రైవ్ ఒక్కటే క్లోన్ చేసుంటారు. బూట్ ఫైళ్లుండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (డిస్క్‌లో విడిగా ఉండే భాగం, చాలా సిస్టమ్‌లలో 100 ఎంబీ) రాలేదన్నమాట. ఈసారి డిస్క్ మొత్తం ఎంచుకుని మళ్లీ క్లోన్ చేయండి.

పాత డిస్క్‌ని మాత్రం ఒక వారం దాకా ఫార్మాట్ చేయకండి.