దీపాల వేళకి కోళ్ళు గూట్లో ఉండాలంటే

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. నాలుగు పెట్టలు సపోటా కొమ్మ మీద, మూడు వీధరుగు మీద మీ ఆయన బండి సీటు మీద, ఒకటేమో వంటింటి చూరు కింద. నువ్వు టార్చిలైటు పట్టుకుని, అబ్బాయి కర్ర పట్టుకుని వాటి వెనకాల పరుగు. "ఇవి మొండి కోళ్ళు పెద్దమ్మా, ఎంత అదిలించినా గూట్లోకి పోవట్లేదు" అన్నావు. మొండితనం కాదు తల్లీ. సంత నుంచి వచ్చి రెండు రోజులైంది, ఆ గూడు తమదని వాటికి ఇంకా తెలియదు, అంతే.

ముందు ఆ కర్ర అటకెక్కించు. కోడికి చీకట్లో చూపు ఆనదు. అందుకే పొద్దు వాలుతుండగానే ఎత్తైన చోటు చూసుకుని సర్దుకుంటుంది. సరిగ్గా ఆ వేళకి నువ్వు తరిమితే దానికి గూడంటేనే బెదురు పట్టుకుంటుంది. మర్నాడు ఆ వైపుకే రాదు.

కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశాను. ఆరు పెట్టల్ని తెచ్చి మొదటి రోజే పెరట్లో వదిలేసి, సాయంత్రం చీపురు పుచ్చుకుని తరిమాను. నాలుగు పనసచెట్టెక్కాయి. చెట్టు మీదైతే కుక్కలకి అందవు కదా అని నిశ్చింతగా పడుకున్నాను. మన కొబ్బరితోటల్లో మానుపిల్లి తిరుగుతుందని, దానికి చెట్టెక్కడం మనం అరుగెక్కినంత తేలికని నాకు తట్టనే లేదు. తెల్లారి చూస్తే చెట్టు కింద తడి మట్టికి అతుక్కుపోయిన ఈకలు, పక్కనే ఒక పసుపుపచ్చ కాలు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. అందుకే నీకింత పొడుగు ఉత్తరం.

ఈ రాత్రి ఎనిమిది దాటనీ. కోళ్ళు మత్తులో ఉంటాయి, పారిపోవు. రెండు అరచేతులతో రెక్కల మీదుగా ఒడిసి పట్టి, గుండెకి ఆనించుకుని తీసుకురా. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా మొయ్యకు, సంతలో వాళ్ళు మోశారని మనమూ మొయ్యక్కర్లేదు. గూట్లో అడ్డకర్ర మీద దింపేటప్పుడు రొమ్ము కర్రకి తగలనివ్వు. కాళ్ళు వాటంతటవే వెతుక్కుని పట్టుకుంటాయి. వేళ్ళు బిగిశాయని తెలిశాకే చేతులు తియ్యి. మెడ చాచి ఒక కంటితో నిన్ను చూసి, గొంతులో సన్నగా గురగురమని, ఈకలు ఉబ్బించి ఒదిగి కూర్చుంటుంది. అప్పుడు తలుపు వేసి గొళ్ళెం పెట్టు.

ఇక తెల్లారాక తలుపు తియ్యకు. ఇదే నీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. అరుస్తాయి, జాలికి ముక్కు పెట్టి చూస్తాయి, నీ మనసు ఆగదు. అయినా వారం రోజులు బయటికి వదలకు. మూడు రోజులు చాలనే వాళ్ళున్నారు గానీ, ఎనిమిది కోళ్ళకి నేనైతే వారమే ఉంచుతాను. గూడు ఇరుకనిపిస్తే ముందర నాలుగు కర్రలు పాతి పాత చేపల వల చుట్టు, పైన కొబ్బరాకు కప్పు. పగలంతా అందులో తిరుగుతాయి, చీకటి పడకముందే లోపలికి వెళ్ళే దారి వాటికదే తెలుస్తుంది. నీళ్ళ గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

మీ అత్తగారి రెండు నాటు పెట్టలున్నాయి కదా, వీడియోలో ఒకటి గుమ్మంలో నిలబడి కొత్తవాటి నెత్తి మీద పొడవడం చూశాను. సగం గొడవ అక్కడే ఉంది. అసలు కొత్తవాటిని తెచ్చిన రోజే పాతవాటితో కలపకూడదు, ఏ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, రెండు వారాలైనా విడిగా ఉంచి చూడాలి. ఇప్పుడా రెండింటినీ వెనక వసారాలో గంప కింద కమ్మేయి. కొత్తవి ఈలోగా గూడు తమదనుకుంటాయి. ఆ రెండు వారాలూ అయ్యాక ఓ రాత్రి పాతవాటిని తెచ్చి చివర కూర్చోబెడితే వాటి పెత్తనం చాలావరకు తగ్గుతుంది. పశువుల ఆసుపత్రికి వెళ్ళి కోళ్ళకొచ్చే అంటుజబ్బు, కొక్కెర తెగులుకి వేసే టీకా మాట కూడా అడిగిరా.

గూడు సంగతి. అడ్డకర్రకి వెదురు వేశారు, నున్నగా ఉండి కాలు జారుతుంది. రెండంగుళాల మందం సరుగుడు కర్ర తెప్పించి, బెరడు పూర్తిగా ఒలిపించు. బెరడు కిందే మైట్లనే సన్న పురుగులు చేరతాయి. ఒక్కో కోడికి తొమ్మిది పది అంగుళాల చోటు లెక్కేసుకో, గోడకి అడుగు ఎడం ఉంచు. నీవి వనరాజాలంటున్నావు, బరువైన జాతి, ఎత్తుగా కడితే దూకేటప్పుడు పాదాలు దెబ్బతింటాయి. రెండడుగుల ఎత్తు చాలు, ఎక్కడానికి ఒక వాలుపలక వెయ్యి. కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పై కర్ర కోసం రోజూ కొట్లాటే. గుడ్లు పెట్టే బుట్టలు మాత్రం వాటికంటే కిందికి ఉండాలి. పైన ఉంటే బుట్టలోనే పడుకుని గుడ్లన్నీ పాడు చేస్తాయి.

మా గూటికి కాళ్ళు 96 తుఫానుకి పడిపోయిన కొబ్బరి దుంగలతో పెట్టించారు మీ పెదనాన్న. కింద సిమెంటు దిమ్మలుండబట్టి చెద పట్టలేదు. మీ లంకలో నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, గూడు రెండడుగులైనా లేపి కట్టించు. గూటి లోపల అడుగున ఊక మూడంగుళాల మందం పోసి, తడిసిన చోట తీసేస్తూ ఉండు. లోపలికి తల పెట్టగానే ఘాటు ముక్కుకి తగిలిందంటే చూరు కింద గాలి చాలట్లేదని అర్థం.

అన్నీ బాగున్నా గూట్లోకి పోవట్లేదంటే ఆ మైట్లు ఉన్నాయేమో చూడు. పగలు సందుల్లో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తాయి, మనకి కనబడవు. చీకటి పడ్డాక తెల్లగుడ్డతో అడ్డకర్ర అడుగున తుడువు. ఎర్ర మరకలు పడితే అవే. ఆ గూట్లో కోడి పడుకోమంటే ఎలా పడుకుంటుంది?

ఇంకొకటి, మీ వీధరుగు మీద లైటు. సాయంత్రం అయిదింటికే వేసేస్తున్నారు, గూడేమో చీకటి గుయ్యారం. వెలుగున్న చోటికే వస్తాయి కాబట్టి బండి సీటెక్కాయి. కోళ్ళు చేరేదాకా అరుగు లైటు ఆర్పి, గూట్లో ఒక చిన్న బల్బు వెలిగించు. అన్నీ ఎక్కి కూర్చున్నాక ఆర్పెయ్యి.

వారం అయ్యాక మొదటిసారి వదిలేది పొద్దున కాదు, పొద్దుగూకడానికి ఒక గంట ముందు. ఇది కార్తీకం, అయిదున్నరకే చీకటి ముసురుకుంటుంది, కాబట్టి నాలుగున్నరకి తలుపు తియ్యి. ఆ పూట మేత కొంచెం తక్కువ పెట్టు. దూరం పోకముందే నూకల డబ్బా గలగలలాడిస్తూ "బో బో" అని పిలిచి, గుప్పెడు గూట్లోనే చల్లు. రోజూ అదే డబ్బా, అదే గొంతు. మర్నాడు ఇంకో అరగంట ముందు వదులు, ఆ పైన నీ ఇష్టం.

ఒకటో రెండో అప్పటికీ సపోటా ఎక్కుతాయి. తిట్టకు. చీకటి పడ్డాక దించి తెచ్చి కర్ర మీద పెట్టు, ఎన్ని రాత్రులైతే అన్ని రాత్రులు. చూరు కింద దూరిన ఆ నల్లచుక్కల పెట్ట మీద నాకు అనుమానంగా ఉంది, దాన్ని రోజూ లెక్క చూసుకో. పది రోజులకీ దారికి రాకపోతే ఫోన్ చెయ్యి, వచ్చి నాలుగు రోజులుండి చూస్తాను.

మీ పెద్దమ్మ