పాత కాగితాలు – మీ ప్రశ్నలు: మారిషస్ కోడలి పూర్వీకుల ఊరు

ప్రశ్న: మా కోడలిది మారిషస్. తెలుగు కుటుంబమే. పుట్టింటి పేరు ‘అప్పాడు’. ఇక్కడ ఏ పెళ్లికి వెళ్లినా చుట్టాలు “మీ ఇంటిపేరేమిటమ్మా, మీదే ఊరు?” అని అడుగుతారు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. వాళ్ల తాతగారి తండ్రి జనన ధ్రువపత్రం ఒకటి ఇంట్లో ఉంది. అందులో ఆయన తండ్రి పేరు పక్కన ఆరంకెల సంఖ్య వేసి ఉంది. దాన్ని పట్టుకుని వాళ్ల ఊరు, ఇంటిపేరు తెలుసుకోగలమా?
– ఒక అత్తగారు, విశాఖపట్నం

జవాబు: ఊరు దొరకవచ్చునమ్మా. ఇంటిపేరు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఆ ఆరంకెల సంఖ్య చేతిలో ఉందంటే సగం పని అయినట్టే. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దింపింది. 1910 వచ్చేసరికి అలా చెరకు తోటల పనికి వెళ్లినవారు దాదాపు నాలుగున్నర లక్షలు. దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి రిజిస్టరులో ఎక్కించారు. భర్తకు ఒకటి, భార్యకు వేరొకటి. ఆ తర్వాత పెళ్లయినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా సర్కారు కాగితం మీద పేరు పక్కన ఆ సంఖ్య వేసేవారు. రామసామి అనే పేరుతో వందల మంది ఉండవచ్చు, ఒక సంఖ్యకు మనిషి ఒక్కడే. కాబట్టి పేరు వెంట పడకండి, సంఖ్య వెంట పడండి.

ఆ రిజిస్టర్లు ఇప్పుడు మారిషస్‌లో ‘మోకా’ అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మీ కోడలు తన జనన ధ్రువపత్రం, తండ్రిది, తాతది, ఆయన తండ్రిది వరుసగా జత చేసి, తనే వంశస్థురాలిగా అడగాలి. మధ్యలో ఒక తరం కాగితం లేకపోతే పోర్ట్ లూయీలోని సివిల్ స్టేటస్ ఆఫీసులో నకలు తీయించమనండి. 1860ల నుంచి కూలీలకు ఫొటోలు కూడా తీశారు. అదృష్టం బాగుంటే ముత్తాత తండ్రి ముఖమే కనిపించవచ్చు.

ఇక అసలు చిక్కు రిజిస్టరు చేతికి వచ్చాక మొదలవుతుంది. ఒక వరుస ఇలా ఉంటుందనుకోండి (ఇది నేను కల్పించిన నమూనా): పేరు అప్పాడు, తండ్రి రామాడు, వయసు 22, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, కులం గెంటూ, ఎడమ చెంప మీద మశూచి మచ్చలు, జిల్లా వైజాగపటం, ఊరు ‘కొట్టవెల్సా’, ఓడ ఎక్కిన రేవు మద్రాసు.

మద్రాసు అని ఉంది కదా అని ఆయన్ని అరవాయన అనుకోకండి. అది ఓడ ఎక్కిన చోటు, అంతే. మన కోరంగి రేవు నుంచి కూడా జనం వెళ్లారు. ‘గెంటూ’ కులం కాదు, మద్రాసు తెల్లదొరలు తెలుగువాళ్లను అలా పిలిచేవారు. కొన్నిచోట్ల ఆ గడిలో నిజంగానే కులం ఉంటుంది. మనిషి తన నోటితో చెప్పుకున్నదో, గుమస్తా తోచింది రాసుకున్నదో ఇప్పుడు తేల్చలేం. ఏది కనిపించినా అత్తగారిగా మీరు ముఖం మాత్రం మార్చకండి.

ఊరి పేరును కళ్లతో చదవకండి. పైకి చదవండి, అదీ సాలూరు సంతలో మనిషి పలికినట్టు. ‘కొట్టవెల్సా’ కొత్తవలస అయి కూర్చుంటుంది. అయితే ఏ కొత్తవలస? ఉత్తరాంధ్రలో ఆ పేరుతో ఊళ్లు ఒకటి కంటే ఎక్కువే. సర్వే, భూరికార్డుల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక చెబుతున్నాను, తాలూకా పేరు లేకుండా ఊరు తేల్చడం ఎవరి వల్లా కాదు. తాలూకా గడి ఖాళీగా ఉంటే ఆ ఒక్క వరుసతో ఆగిపోవద్దు. అదే ఓడలో అప్పాడుకి ముందు పది సంఖ్యలు, వెనక పది సంఖ్యలు చూపించమని అడగండి. మారిషస్ నుంచి తిరిగి వచ్చిన సర్దారులు, అంటే కూలీల పెద్దలు, తమ చుట్టుపక్కల ఊళ్లలోనే మనుషులను పోగుచేసి తీసుకెళ్లేవారు. పక్క వరుసల్లో బొబ్బిలి, పాలకొండ కనిపించాయంటే మీ కొత్తవలసను అటువైపు వెతకాలి.

జిల్లా పేర్లు కూడా ఇప్పటివి కావు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం కలిసే ఉండేది. 1979లో గాని విజయనగరం జిల్లా రాలేదు. ‘గంజాం’ అని ఉంటే ఒడిశా అని వదిలేయకండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట వైపు ఊళ్లు గంజాం జిల్లావే. ‘చికాకోల్’ శ్రీకాకుళం, ‘బిమ్లిపటం’ భీమునిపట్నం, ‘కొకనాడ’ కాకినాడ. రాజమండ్రి జిల్లా 1859లో గోదావరి జిల్లాగా మారింది. కనుక ఓడ దిగిన తేదీ చూసి ఆనాటి జిల్లాల పటం ముందు పెట్టుకోండి.

పేరు కూడా కొంత చెబుతుంది. అప్పడు, అప్పన్న, అప్పలసామి అన్నీ సింహాచలం అప్పన్న పేర్లే. మారిషస్ తెలుగువాళ్లు ఈనాటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ చేసుకుంటారు. మీ కోడలి ఇంట్లో ఏ దేవుడికి మొక్కుతారో, అమ్మమ్మ నోట ఏ ఊరి మాట వినిపించేదో అడిగి రాసిపెట్టుకోండి. రుజువు కాదు గాని, రెండు ఊళ్ల మధ్య తేల్చుకోవలసి వస్తే పనికొస్తుంది.

ఇంటిపేరు ఎందుకు దొరకదంటే, గుమస్తా మనిషి పేరు, తండ్రి పేరు అడిగాడే గాని ఇంటిపేరు అడగలేదు. ఆ మనిషి పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరు అయింది. ఊరు తెలిశాక ఇక్కడి భూరికార్డుల్లో పట్టుకుందామనుకుంటారేమో, కూలికి పోయినవాడికి పట్టా ఎక్కడిది? పైగా విజయనగరం, బొబ్బిలి జమీందారీ ఊళ్లలో చాలావాటికి సర్వే జరిగింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. మీరు ఊళ్లోకి వెళ్లి అడిగితే “మా వాళ్లే, మా వాళ్లే” అంటూ నలుగురు ముందుకు వస్తారు. కాఫీ తాగి రండి, వాళ్ల ఇంటిపేరు మాత్రం తగిలించుకుని రాకండి. మీ కోడలి ఇంటిపేరు అప్పాడు. నూటయాభై ఏళ్ల పేరు అది, పెళ్లిలో అదే చెప్పమనండి.

ప్రశ్న: మా ముత్తాత తమ్ముడు ‘ఓడెక్కి’ వెళ్లిపోయాడని, మారిషస్ అని ఇంట్లో చెబుతారు. పేరు నారాయుడు. అంతకుమించి ఏమీ తెలియదు. వెతకవచ్చా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ముందు అది మారిషసేనా అన్నది తేల్చుకోండి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దింపింది, నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలైంది 1903లో. మీ వైపు నుంచైతే వీటన్నిటికంటే రంగూన్‌కే ఎక్కువ మంది పోయారు. అక్కడికి మేస్త్రీలు అప్పు ఇచ్చి తీసుకెళ్లేవారు, మారిషస్ లాగా మనిషికో వరుస రాసిన రిజిస్టరు రంగూన్‌కు లేదు. ఇంట్లో పెద్దవాళ్లను చెరకు మాట వచ్చేదా, రంగూన్ వరి మిల్లుల మాట వచ్చేదా అని అడగండి. చెరకు అయితే ఆయన తండ్రి పేరు, వెళ్లిన కాలం కనీసం పదేళ్ల అటూఇటూగా సంపాదించి మళ్లీ రాయండి. మిల్లులు అయితే నేను చేయగలిగింది లేదు.

ప్రశ్న: నేను మారిషస్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను. మాది ఆరో తరం. ఓసీఐ కార్డుకు (విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే కార్డు) వలస రిజిస్టరు నకలు పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: పనికొస్తుంది. మామూలుగా నాలుగో తరంతో ఆగిపోయే ఓసీఐని మారిషస్ వాళ్లకు ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మారిషస్‌లో ప్రకటించారు. రిజిస్టరు నకలు ఒక్కటీ పెడితే చాలదు. అందులోని మనిషి నుంచి మీ దాకా ప్రతి తరానికీ జనన ధ్రువపత్రమో, పెళ్లి పత్రమో ఉండాలి. మీ ఇళ్లలో ఒకే పేరును తాత ఒక రకంగా, తండ్రి ఇంకో రకంగా రాసుకోవడం మామూలే. ఆ తేడా ఎక్కడ ఉందో ముందే గుర్తుపెట్టుకుని, దానికి ఏ కాగితం కావాలో భారత హైకమిషన్‌లో అడిగాకే దరఖాస్తు పెట్టండి.