వెనక కప్పు లేపారు, కారే మారిపోయింది

ప్రశ్న: పాత జాగ్వార్ ఎక్స్‌జే కార్ల ఫొటోల్లో మూడు సిరీస్‌లూ నాకు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి? తర్వాత వచ్చిన పలకల లైట్ల కారు కూడా ఎక్స్‌జేనేనా?

జవాబు: ముందు బంపర్ చూడండి. 1968లో జాగ్వార్ వ్యవస్థాపకుడు సర్ విలియం లయన్స్ తీసుకొచ్చిన మొదటి కారులో బంపర్ కిందికి, గ్రిల్ నిండుగా ఉంటాయి. 1973 నాటి రెండో సిరీస్‌లో బంపర్ పైకి జరిగింది, గ్రిల్ కురచైంది. అమెరికా భద్రతా నిబంధనల పుణ్యం అది.

అసలు మజా 1979 నాటి మూడో సిరీస్‌లో ఉంది. ఇటలీ కార్ల డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా దిద్దిన పని. నేను పక్కనుంచి తీసిన రెండు ఫొటోల మీద పల్చటి కాగితం పెట్టి గీసి చూశాను. నడుము గీత (పక్క అద్దాల కింద సాగే గీత) దాదాపు అదే, కప్పు మాత్రం వెనక లేచింది. వెనక కూర్చునేవాళ్ల తలకి చోటు కోసమన్నమాట. ముందు అద్దం ఇంకాస్త వాలింది. ముందు తలుపుల్లో ఉండే చిన్న త్రికోణపు అద్దాలు పోయాయి, తలుపు పిడులు రేకులోకి ఒదిగిపోయాయి. మూడింటిలో నా ఓటు దీనికే!

పలకల లైట్లది కూడా ఎక్స్‌జేనే, 1986లో వచ్చింది. అందులోనూ చవక రకాలకి గుండ్రటి లైట్లే ఉండేవి. ఖరీదైనదానికే ఆ పలకలేమిటో! 1994 మోడల్‌లో నాలుగు గుండ్రటి లైట్లూ మళ్లీ వచ్చేశాయి.