టెక్ సందేహాలు: చీరల షాపు వెబ్‌సైట్‌కూ ఈ చట్టం వర్తిస్తుందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా కదలనివారు మన వెబ్‌సైట్లను, యాప్‌లను వాడగలుగుతున్నారా, వాడలేకపోతే చట్టం ఏమంటుంది అన్నదే ఆ విషయం. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చేసారికి ఉంచి, వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది చేనేత చీరల దుకాణం. ఈమధ్యే సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాం. దివ్యాంగులు కూడా వాడేలా సైట్ లేకపోతే ఫైన్ పడుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. అది ప్రభుత్వ సైట్లకే కదా? మా డెవలపరేమో ఒక లైన్ కోడ్ పెడితే సరిపోతుందని, దానికి ఏటా కొంత కట్టాలని చెబుతున్నాడు. కట్టమంటారా? – మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు

ప్రభుత్వ సైట్లకే కాదండీ. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సేవలు అందించేది ప్రభుత్వమైనా, ప్రైవేటువాళ్లైనా యాక్సెసిబిలిటీ నియమాలు, అంటే దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా ఉండాలన్న నియమాలు, పాటించాల్సిందేనని దాని 46వ సెక్షన్ చెబుతోంది. నియమాలు వచ్చిన రెండేళ్లలోగా మార్పులు చేసుకోవాలన్నారు. అవి 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి గడువు 2019లోనే అయిపోయింది. ఉల్లంఘనకు 89వ సెక్షన్ కింద మొదటిసారి పది వేల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. మళ్లీ చేస్తే అది 50 వేల నుంచి 5 లక్షల దాకా వెళ్తుంది.

ఆ నియమాల్లో చాలా భాగం గట్టిగా లేదు. తప్పనిసరి అని ఒకచోట, వీలైతే చేయండి అన్నట్టు మరోచోట కలగాపులగంగా రాశారు. చూపు లేని రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే తప్పు పట్టింది. 15వ నియమంలోని మొదటి భాగం అసలు చట్టానికే విరుద్ధమని కొట్టేసి, కచ్చితంగా పాటించి తీరాల్సిన ప్రమాణాలను విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీకి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. క్షేత్రస్థాయిలో దివ్యాంగులకు ఎదురయ్యే అడ్డంకులను వాళ్లు వివరంగా చూపించడం వల్లే కోర్టు అంత స్పష్టంగా చెప్పగలిగింది.

ఇక ఆ ఒక లైన్ కోడ్ సంగతి. దయచేసి డబ్బు కట్టకండి. అది పెడితే పేజీ మూలన ఒక మనిషి బొమ్మ (దీన్నే విడ్జెట్ అంటారు) కనిపిస్తుంది, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి. కానీ మీ సైట్‌లో బటన్‌కు పేరే లేకపోతే, ఆ విడ్జెట్ పేరును ఎక్కణ్నుంచి తెస్తుంది? అక్షరాలు పెద్దవి చేసుకునే సౌకర్యం ఫోన్‌లో, బ్రౌజర్‌లో ఎలాగూ ఉంది. తెర మీది రాతను చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు కొన్ని విడ్జెట్లు ఉల్టా అడ్డుపడతాయి కూడా. ఏ సైట్‌నైనా ఏఐతో ప్రమాణాలకు సరిపోయేలా మార్చేస్తామని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఆ మాటలకు ఆధారం లేదని కమిషన్ ఆరోపించడంతో 2025లో ఆ కంపెనీ పది లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ డబ్బుతో అదే డెవలపర్ చేత నిజంగా పనికొచ్చే మార్పులు చేయించండి. ముందు ఫొటోలు. మీ సైట్‌లో చీర ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫొటోలో ఏముందో చెప్పే రాత, లేకపోతే స్క్రీన్ రీడర్ 'ఐఎంజీ 2041' అని ఫైల్ పేరు చదువుతుంది. అదే 'ముదురు ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర, జరీతో నిజాం అంచు' అని రాసి ఉంటే కొనేవారికి చీర కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఈ పని డెవలపర్ కంటే మీరే బాగా చేయగలరు, చీర గురించి తెలిసింది మీకే కాబట్టి. తరువాత, మౌస్ పక్కన పెట్టి కేవలం ట్యాబ్, ఎంటర్ కీలతో ఒక ఆర్డర్ పూర్తిచేసి చూడండి. మధ్యలో ఎక్కడ ఆగిపోతే అక్కడ రిపేరు చేయించండి. పిన్‌కోడ్, ఫోన్ నంబర్ అడిగే గళ్లకు కోడ్‌లో లేబుల్స్ ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద వద్దు. అక్షరాల రంగుకు, వెనుక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. దాన్ని కొలిచే ఉచిత టూల్స్ చాలా ఉన్నాయి.

మీ పేజీలు తెలుగులో ఉంటే ఇంకొకటి చూడండి. సైట్ భాష ఇంగ్లిష్ అని సెట్ అయి ఉంటే, చాలాసార్లు స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తెలుగు పదాలను వదిలేస్తుంది. వర్డ్‌ప్రెస్ అయితే జనరల్ సెట్టింగ్స్‌లో సైట్ లాంగ్వేజ్‌ను తెలుగుగా మార్చితే సరిపోతుంది. ఒక్క నిమిషం పని.

ప్రశ్న: నేను డీటీపీ చేస్తాను. ఒక కాలేజీకి నోటీసులు, ప్రాస్పెక్టస్ అను ఫాంట్లలో కంపోజ్ చేసి పీడీఎఫ్ ఇస్తున్నాను. అవి 'యాక్సెసిబుల్'గా లేవని వెనక్కి పంపారు. స్క్రీన్ మీద చక్కగానే కనిపిస్తున్నాయి. తప్పు ఎక్కడుంది? – రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

మీ కంపోజింగ్‌లో తప్పేమీ లేదు. సమస్య ఫాంట్ పనిచేసే తీరులో ఉంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి రాకముందు తయారైన అను లాంటి తెలుగు ఫాంట్లలో, ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చారు. మన కంటికి 'ప్రవేశాలు' అని కనిపిస్తుంది, కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది అర్థంలేని గుర్తుల వరస. మీరే పరీక్షించుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ ఏం కనిపిస్తుందో, చూపు లేని విద్యార్థి చెవికి అదే వినిపిస్తుంది. గూగుల్ సెర్చ్‌లో కూడా ఆ పీడీఎఫ్ దొరకదు.

ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. పరీక్షల టైమ్ టేబుల్, హాస్టల్ సీట్ల నోటీసు, స్కాలర్‌షిప్ గడువు లాంటివి ఇలాంటి ఫైళ్లలోనే ఉండిపోతున్నాయి. చూపు లేని విద్యార్థి ప్రతిసారీ స్నేహితుణ్ని బతిమాలి చదివించుకోవాలి. ఆఫీసుల్లో కనిపించే ఇంకో అలవాటు, కంప్యూటర్‌లో టైప్ చేసిన ఉత్తర్వును ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి సైట్‌లో ఎక్కించడం. అప్పుడది ఒట్టి ఫొటో, అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. వెబ్‌సైట్‌లో పెట్టే పత్రాలు ఈపబ్ (ఈ–బుక్ ఫైలు) లేదా ఓసీఆర్ చేసిన, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించేలా మార్చిన, పీడీఎఫ్ రూపంలో ఉండాలని 2017 నాటి నియమాల్లోనే రాశారు.

ఇకపై కొత్త పనులన్నీ యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. ఇప్పటి ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే వస్తాయి. పాత ఫైళ్లకు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, అయితే ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ప్రూఫ్ చూడక తప్పదు. అసలు ఫైలు పోయి స్కాన్ కాపీ మాత్రమే ఉంటే, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది తెలుగు అక్షరాలను గుర్తిస్తుంది. దానికీ ప్రూఫ్ అవసరమే. ఈ అదనపు పనికి కాలేజీని అదనంగా డబ్బు అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: మా చిన్న కంపెనీ జర్మనీలోని ఆన్‌లైన్ షాపులకు సైట్లు తయారుచేస్తుంది. యూరప్ చట్టం మాకు వర్తిస్తుందా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

బాధ్యత ప్రధానంగా అక్కడ అమ్ముతున్న మీ క్లయింట్‌ది. యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకింగ్, ఈ–బుక్స్ అన్నీ అందులో ఉన్నాయి. జర్మనీ తన చట్టంలో లక్ష యూరోల వరకు జరిమానా పెట్టింది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది, ఏటా 20 లక్షల యూరోలు దాటని వ్యాపారం ఉన్న సేవా సంస్థలకు మినహాయింపు ఉంది. కాబట్టి క్లయింట్ ఏ కోవలోకి వస్తారో ముందే అడగండి. వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1, ఏఏ స్థాయి పాటిస్తామని కాంట్రాక్టులో రాసుకోండి. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 17802 కూడా యూరప్ ప్రమాణాన్ని అనుసరించి తయారైందే కాబట్టి, నేర్చుకున్న పని ఇక్కడి క్లయింట్లకూ పనికొస్తుంది.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడతాను. ఒక ఫైనాన్స్ యాప్‌లో కేవైసీ దగ్గర కెమెరా వైపు చూసి కళ్లు ఆర్పమంటుంది. ప్రతిసారీ ఫెయిల్. మరికొన్ని బటన్లకు 'అన్‌లేబుల్డ్' అనే వస్తుంది. కస్టమర్ కేర్‌కు చెబితే ఎవరినైనా సాయం తీసుకోమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? – వరంగల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

మీ ఓటీపీ, మీ డబ్బు వ్యవహారం ఇంకొకరి చేతిలో పెట్టమనడం సలహా కాదు బాబూ. మీ సమస్య మీదే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన పిటిషన్ల మీద వచ్చిన తీర్పు అది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. మనిషి ప్రాణంతో ఎదురుగా ఉన్నాడని నిరూపించడానికి కళ్లార్పడం ఒక్కటే మార్గం కాకూడదు, వేరే పద్ధతులు ఉండాలి. కాగితాల ద్వారా చేసే కేవైసీ కొనసాగాలి. యాప్‌లను క్రమం తప్పకుండా ఆడిట్ చేయించాలి, ఆ పరీక్షల్లో చూపు లేనివారిని కూడా భాగం చేయాలి.

కాబట్టి ముందు ఫిర్యాదులు చూసే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ రాయండి. ఫోన్ కాల్‌కు రుజువు మిగలదు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఏ స్క్రీన్ దగ్గర ఆగిందో రాసి, టాక్‌బ్యాక్ గొంతు వినిపించేలా స్క్రీన్ రికార్డింగ్ జతచేయండి. రికార్డింగ్‌లో ఓటీపీ, ఆధార్ నంబర్ పడకుండా జాగ్రత్త. తీర్పు పేరు, తేదీ రాసి, కాగితాలతో కేవైసీ పూర్తిచేయమని అడగండి.

వాళ్లు పట్టించుకోకపోతే దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఆఫీసు ఢిల్లీలో ఉన్నా అక్కడికి వెళ్లక్కర్లేదు, ఈమెయిల్‌లో పంపవచ్చు, లాయర్ అవసరం లేదు. విచారణలో ఆ కమిషనర్‌కు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. ఫిర్యాదు అందాక అవతలి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలని నియమం. అదే మీ యూనివర్సిటీ సైట్ మీదో, రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్ మీదో అయితే తెలంగాణ రాష్ట్ర కమిషనర్‌కు రాయాలి. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపిన మెయిల్, వచ్చిన జవాబు, దివ్యాంగుల గుర్తింపు కార్డు కాపీ, రికార్డింగ్ లింకు, ఈ నాలుగూ ఒకే మెయిల్‌లో పెట్టండి.