సందేహాలు – సమాధానాలు: ‘అప్పల’ అంటే ఎవరు?

సందేహం: మాది రాజాం దగ్గర పల్లె. మా నాన్నగారి పేరు అప్పలనాయుడు. మనవడికి ఆ పేరు పెడదామంటే కొడుకూ కోడలూ ఒప్పుకోవడం లేదు. ‘అప్పల’కు అర్థం లేదట, వింటే అప్పులో అప్పాలో గుర్తొస్తాయట. వాళ్లు ‘రియాన్ష్’ అని పెడతామంటున్నారు. అప్పల అంటే ఏమిటి? అప్పలనాయుడు అని కలిపి రాయాలా, విడదీసి రాయాలా? మా వైపు వినిపించే పైడితల్లి, తవిటయ్య, దాలినాయుడు వంటి పేర్ల గురించి కూడా చెప్పగలరు.

సమాధానం: ముందు అప్పుల సంగతి తేల్చేద్దాం. అప్పు బహువచనంలో అప్పులు, దాని మీద మరో మాట చేరితే అప్పుల. అప్పుల బాధ, అప్పులవాళ్లు అంటాం కదా. తినే అప్పం అయితే అప్పాల. మీ నాన్నగారి పేరులో ‘ప్ప’కు కొమ్మూ లేదు, దీర్ఘమూ లేదు. అచ్చు మారితే మాటే మారిపోతుంది. ఈమాత్రం తేడా చెవికి ఆనని వాళ్లు పేరుకు అర్థం లేదని తీర్పు ఎలా చెప్పారో నాకు బోధపడలేదు. కోడలిగారిని అనడం లేదు, ఈ కాలాన్ని అంటున్నాను.

ఇక అసలు మాట అప్ప. మన భాషలో చుట్టరికపు పేర్లను ఒక్కసారి వరసగా పలికి చూడండి: అమ్మ, అయ్య, అన్న, అక్క, అత్త, అవ్వ, అప్ప. అన్నీ అకారంతో మొదలై ఒక ద్విత్వాక్షరంతో ఆగిపోతాయి. పసిపిల్లల నోటికి అందే మాటలివి. వీటిలో అమ్మ మాత్రం ఇంచుమించు స్థిరంగా ఉంది, మిగిలినవి ఊరు మారితే వరస మారుస్తాయి. అప్ప అయితే మరీను. తమిళులకు అప్పన్ అంటే తండ్రి. కన్నడిగులకూ అప్ప తండ్రే, పైగా బసప్ప, వీరప్ప అంటూ మగవాళ్ల పేర్ల చివర గౌరవంగా తగిలిస్తారు. మన దగ్గర అప్ప అంటే అక్క. అప్పచెల్లెళ్లు అనే జంటపదం తెలుగువాళ్లందరికీ తెలుసు. శ్రీకాకుళం పల్లెల్లో అక్కను నేరుగా ‘అప్పా’ అని పిలవడం నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. సరిహద్దు దాటితే ఒడియావారు కూడా అక్కను అపా అంటారు.

మరి తెలుగులో అప్ప ఎప్పుడూ ఆడమనిషేనా? కాదు. అన్నమయ్యను స్తుతిస్తూ ఆయన వంశీకులు పాడుకున్న కీర్తన ‘అప్పని వరప్రసాది అన్నమయ్య’ అని మొదలవుతుంది. అక్కడ అప్పడు తిరుమలేశుడు. ‘అప్పని’ అన్న ఆ ఒక్క విభక్తి రూపం చాలు, అప్పకు తండ్రి, స్వామి అనే అర్థం తెలుగులో కూడా ఉండేదనడానికి. ఈ కీర్తన తలుచుకున్నప్పుడల్లా నాకో ముచ్చట. అప్ప దేవుడు, అన్న భక్తుడు. ఇద్దరినీ చుట్టరికంతోనే పిలిచారు.

తిరుమల అప్పడు అలా ఉండగా, మన ప్రాంతపు అప్పడు సింహాచలం కొండ మీద ఉన్నాడు. శాస్త్రం ప్రకారం ఆయన వరాహ లక్ష్మీనృసింహస్వామి. ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే చందనం తీసి నిజరూపం చూపిస్తాడు. ఆలయానికి విజయనగరం పూసపాటివారు అనువంశిక ధర్మకర్తలు. కానీ విజయనగరం, శ్రీకాకుళం రైతు నోట ఆయన వరాహుడూ కాడు, నృసింహుడూ కాడు, సింహాద్రి అప్పన్న. అప్ప, ఆ పైన అన్న. ఒక చుట్టరికం చాలక రెండు. కష్టం వస్తే తండ్రిలా చూడాలి, తగువు వస్తే అన్నలా వెనక నిలబడాలి. ఇలాంటి పేరు ఏ సహస్రనామంలో దొరుకుతుంది?

ఇప్పుడు ‘ల’ సంగతి. ఇదే నాకు ఇష్టమైన చోటు, కాస్త ఓపిక పట్టండి. తెలుగులో గౌరవించదలచినవాడు ఒక్కడైనా బహువచనంలో చెబుతాం. శాస్త్రులు, పంతులు, ఆచార్యులు, ఆంజనేయులు, రాములు. ఈ లు-కు మరో మాట చేరితే ల అవుతుంది. అందుకే రాములవారు, స్వాములవారు, రాములవారి కోవెల. అప్పకూ అదే మర్యాద జరిగిందని నా ఊహ. అప్ప అప్పలు అయ్యాడు. అప్పలు, ఆ పైన స్వామి, అప్పలస్వామి. అప్పలు, ఆ పైన నాయుడు, అప్పలనాయుడు. అప్పలనరసయ్య, అప్పలరాజు, అప్పలసూరి అన్నీ ఈ తోవనే వచ్చాయి.

ఊహ అన్నానని కొట్టిపారేయకండి, దీనికి సాక్షి ఉంది. ఆ సాక్షి పేరు అప్పలకొండ. మన రెండు జిల్లాల్లో అప్పలకొండ అనే మనిషి లేని ఊరు అరుదు. ఆ పేరుకు అప్పలవారి కొండ అనే తప్ప ఇంకే అర్థం చెప్పగలం? సంస్కృతంలో అచలం అన్నా అద్రి అన్నా కొండే. సింహాచలం, సింహాద్రి, అప్పలకొండ. మూడూ ఒకే కొండ, మూడూ మన దగ్గర మనుషుల పేర్లు. మొదటి రెండింటినీ పండితులు పెడితే మూడోది పొలం గట్టు మీద పుట్టింది. నన్నడిగితే మూడింటిలో అందమైనది అదే.

ఎదురు వాదన లేకపోలేదు. అప్పలు అంటే అక్కలనీ, ఊరి పొలిమేరల్లో కొలువుండే అక్కచెల్లెళ్ల దేవతలనీ, అప్పలమ్మ అనే పేరు వాళ్ల నుంచి వచ్చిందనీ అనేవారున్నారు. అప్పలమ్మ విషయంలో ఆ మాట తీసిపారేయలేను. అప్పలనరసమ్మ దగ్గరకు వస్తే మాత్రం ‘నరస’ అనే రెండో ముక్క సింహాచలం వైపే చెయ్యి చూపిస్తోంది. మీ నాన్నగారి పేరు కూడా అటే మొగ్గుతుందని నా నమ్మకం. నాయుడు అంటారా, నాయకుడు అరిగి నాయుడైన సంగతి అందరికీ తెలిసిందే.

ఈ పేరుకు అర్థం లేదంటున్న మీవాళ్లకు మరో మాట చెప్పండి. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం పెద్దచెరువులోంచి పైడితల్లి అమ్మవారి విగ్రహాన్ని తీసి ప్రతిష్ఠించినది పతివాడ అప్పలనాయుడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ అమ్మవారి జాతరలో సిరిమాను చూడడానికి సెలవు పెట్టి మరీ వచ్చేవాళ్లు ఆ పేరు మోటుగా ఉందనడం బాగుండదు. గురజాడవారి అప్పారావు కూడా ఈ అప్ప ఇంటివాడే. సుబ్బ సుబ్బారావు అయినట్టే అప్ప అప్పారావు అయింది.

అమ్మవారి పేరు వచ్చింది కాబట్టి పైడి. పసిడి, పైడి ఒకటే, బంగారం. పసుపు, పచ్చ, పసిమి వీటి తోబుట్టువులు. బంగారానికి దాని రంగును బట్టి పేరు పెట్టారు మనవాళ్లు. పైడితల్లి, పైడిరాజు, పైడయ్య ఇవన్నీ అచ్చమైన తెలుగు పేర్లు. ‘స్వర్ణ’ అంటే నాజూకు, ‘పైడి’ అంటే పల్లెటూరు అనుకునే జబ్బుకు నా దగ్గర మందు లేదు.

తవిటయ్య, తవిటినాయుడు అనే పేర్ల వెనక ఒక తల్లి దుఃఖం ఉంది. వెనకటికి కాన్పులు దక్కకపోతే, దక్కిన బిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి, గుప్పెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కునేవారు. పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. ఇది విలువలేనిది, నీకెందుకు అని మృత్యువును ఏమార్చడం. కాడు కాటి అయినట్టే తవుడు తవిటి అయింది. ఇలాంటి పేరు విని నవ్వేవాడికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఒక్కసారి చెప్పి చూడండి, నవ్వు ఆగుతుంది. దాలి అంటే పాలు కాగబెట్టే పిడకల గుంట. దాలినాయుడు ఆ కోవలోదే కావచ్చు, గట్టిగా చెప్పను.

కలిపి రాయాలా, విడదీయాలా అన్నారు. కలిపే రాయాలి. ‘అప్పల’ దానంతట అది నిలబడే మాట కాదు, పక్కన మరొకటి ఉంటేనే నిలుస్తుంది. రాములవారు అనే మాటను విరిచి ‘రాముల’ అని ఎవరినైనా పిలుస్తామా? ఆ మధ్య ఒక బ్యాంకులో కూర్చుని ఉంటే కౌంటర్‌లోని అమ్మాయి ‘అప్పల గారూ, అప్పల గారూ’ అని కేకేసింది. డెబ్బై ఏళ్ల పెద్దాయన తనను కాదనుకుని కదలలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు గీసిన ఫారానిది. మన ఇంటిపేరు ముందుంటుంది, పేరు వెనకుంటుంది. ఆ గళ్లలోకి ఇరికించేసరికి అప్పల పేరైంది, నాయుడు ఇంటిపేరైంది, అసలు ఇంటిపేరు గల్లంతైంది. అయితే సర్టిఫికెట్లలో ఇప్పటికే విడిగా పడి ఉంటే వ్యాకరణం కోసం ఆఫీసుల చుట్టూ తిరగమని చెప్పను. ఆ టెన్షన్ నేనూ పడినవాణ్ణే.

రియాన్ష్ గురించి అడగలేదు కానీ ఊరుకోలేను. ఇది సంస్కృతమట, సూర్యకిరణమట! ఇలాంటి అర్థాలు ఫోన్లో తప్ప నిఘంటువులో కనబడవు. సంస్కృతంలో అంశ ఉంది. దాని చివరి అచ్చు నరికి అంశ్ అనడం హిందీవాళ్ల అలవాటు. ముందున్న ‘రియ’ ఎక్కడిదో పెట్టినవాళ్లే చెప్పాలి. ఇప్పుడు బడిలో హాజరు పిలిస్తే సగం మంది ‘ష్’ అనే ముగుస్తున్నారు, పంతులుగారు పిల్లల్ని నోరు మూసుకోమంటున్నారేమో అనిపిస్తుంది. సూర్యుడే కావాలంటే అరసవల్లి పక్కనే ఉంది. సూర్యనారాయణ, సూరిబాబు, సూరమ్మ అని తాతలు పెట్టుకున్న పేర్లకు కిరణాలు తక్కువయ్యాయా?

అయినా పేరు పెట్టే హక్కు కన్నవాళ్లది, నాది కాదు. బడిలో పిలవడానికి ఒకటి, ఇంట్లో పిలవడానికి ఒకటి ఉండడం కూడా మనకు కొత్తేమీ కాదు. తాతగారి పేరే ఖాయమైతే మాత్రం, బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద రాసేటప్పుడు ‘అప్పల’ దగ్గర వేలు ఎత్తవద్దని మీ అబ్బాయికి చెప్పండి.