సిరక్యూస్ డోమ్‌లో 35 వేల మంది, ఒక 19వ నంబరు జెర్సీ

"అమెరికాలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు 35 వేల మంది వచ్చారని చదివాను. ఇది నమ్మదగిన లెక్కేనా? పైన వేలాడదీసే జెర్సీల గౌరవం ఎవరికి, ఏ ప్రాతిపదికన ఇస్తారు?" అని అడిగారు. నేను న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో 2012 నుంచి 2014 వరకు ఎం.ఎస్. చదివాను. ఆ రెండేళ్లూ అక్కడి డోమ్‌లో, అంటే పూర్తిగా పైకప్పు ఉన్న స్టేడియంలో, తినుబండారాల కౌంటరు దగ్గర పని చేశాను. మీరు చదివిన లాంటి రికార్డు ఒకటి నమోదైన రాత్రి లోపలే ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

లెక్క నిజమే. 2014 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం డ్యూక్ విశ్వవిద్యాలయంతో జరిగిన మ్యాచ్‌కు ప్రకటించిన ప్రేక్షకుల సంఖ్య 35,446. ఐదేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 23న, మళ్లీ డ్యూక్‌తోనే ఆడినప్పుడు అది 35,642కు పెరిగింది. కాలేజీ ప్రాంగణంలోనే ఉన్న స్టేడియంలో బాస్కెట్‌బాల్ చూసిన జనాల్లో ఇవి అతిపెద్ద సంఖ్యలు. 'ప్రాంగణంలోనే' అన్న మాట ముఖ్యం. ఊళ్లో ఉన్న పెద్ద ఫుట్‌బాల్ స్టేడియాన్ని ఒక రోజుకు తీసుకుంటే ఇంకా పెద్ద సంఖ్యలు వస్తాయి. 1968లో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 52,693 మంది, 2003లో డెట్రాయిట్ ఫోర్డ్ ఫీల్డ్‌లో 78,129 మంది కాలేజీ మ్యాచ్ చూశారు. అవి ఒక్కరోజు పండుగలు. సిరక్యూస్‌లో మాత్రం అది సొంత ఇల్లు. 1989-90లో అక్కడ ఒక్కో మ్యాచ్‌కు సగటున దాదాపు 30 వేల మంది వచ్చారు. సీజన్ పొడవునా అంతమంది రావడం నన్ను ఇప్పటికీ ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది. ఉప్పల్ క్రికెట్ స్టేడియం దాదాపు నిండినట్టున్న జనాన్ని ఒకే పైకప్పు కింద, ఒక చిన్న చెక్క కోర్టు చుట్టూ ఊహించుకోండి.

అంత చోటు ఎలా వచ్చింది? డోమ్‌ను 1980లో ప్రధానంగా అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టారు. అంతకుముందు బాస్కెట్‌బాల్ జట్టు మాన్లీ ఫీల్డ్ హౌస్‌లో ఆడేది. అక్కడ పట్టేది సుమారు తొమ్మిదిన్నర వేల మందే, కానీ అందులో సిరక్యూస్‌ను ఓడించడం గగనం. వరుసగా 57 మ్యాచ్‌లు అక్కడ గెలిచారు. 1980 ఫిబ్రవరిలో జార్జ్‌టౌన్ వచ్చి 52-50తో ఆ వరుసను తెంపింది. మాన్లీ ఇక అధికారికంగా మూతపడిందని జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్ ఆ రోజు అన్న మాటను ఊరి పెద్దవాళ్లు నిన్న విన్నట్టుగా చెబుతారు. డోమ్ నిండడానికి ఆ కసి కూడా ఒక కారణమని నా అభిప్రాయం. జార్జ్‌టౌన్ వస్తోందంటే చాలు, టికెట్లు మిగిలేవి కావు.

డోమ్‌లో బాస్కెట్‌బాల్ కోర్టును ఫుట్‌బాల్ మైదానం మధ్యలో కాకుండా ఒక చివర వేస్తారు. మూడు వైపులా శాశ్వత గ్యాలరీలు, నాలుగో వైపు తాత్కాలికంగా అమర్చే మెట్ల వరుసలు, వాటి వెనక పెద్ద తెర. మామూలు రోజుల్లో తెర అవతలి సగం ఖాళీగా ఉంటుంది. పెద్ద మ్యాచ్ ఉంటే దూరంగా ఉన్న సీట్లను కూడా అమ్ముతారు. అక్కడ కూర్చున్నవారికి ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు, అయినా కొంటారు. నా రోజుల్లో సీట్లంటే వీపు ఆనించుకునే వీలు కూడా లేని అల్యూమినియం బెంచీలు. చలికాలపు కోట్లు వేసుకున్న నలుగురు కూర్చోవాల్సిన చోట ఐదో మనిషి ఇరుక్కున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. 2024లో ఆ బెంచీలు తీసేసి విడివిడి కుర్చీలు వేశారు. సీట్లు తగ్గాయి. 35,642 ఇక అక్కడ దాటడం కష్టమని నా అంచనా.

మీ అసలు అనుమానానికి వస్తాను. ప్రకటించే హాజరు అంటే సాధారణంగా అమ్మిన, పంచిన టికెట్ల లెక్క. గేటు దాటి లోపలికి వచ్చిన తలల లెక్క వేరు. మంచు తుపాను ఉన్న రోజున, బలహీనమైన జట్టు వచ్చిన రోజున ఈ రెంటి మధ్య చాలా తేడా ఉంటుంది. కౌంటరులో ఉన్న మాకు అది వెంటనే తెలిసిపోయేది. మైకులో 20 వేలు దాటారని చెబుతుంటే మా ముందు పాప్‌కార్న్ చల్లారిపోతూ ఉండేది. ఇంకో చిక్కు కూడా ఉంది. 2019 రికార్డు మ్యాచ్‌కు జనం ఎగబడింది డ్యూక్ జట్టులోని జయన్ విలియమ్సన్‌ను చూడాలని. మూడు రోజుల ముందు ఇంకో మ్యాచ్‌లో అతని బూటు చిరిగి, మోకాలికి దెబ్బ తగిలింది. సిరక్యూస్‌లో అతను ఆడనే లేదు. టికెట్లు అప్పటికే అమ్ముడైపోయాయి, రికార్డు నిలిచింది. కాబట్టి హాజరు సంఖ్యను జనం పెట్టుకున్న ఆశకు కొలతగా చూడండి. ఆట నాణ్యతకు అది కొలత కాదు.

2014 రాత్రి మాత్రం ఆ రెండూ కలిశాయి. సిరక్యూస్ అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. విద్యార్థులు ముందు వరుసల కోసం రోజుల తరబడి డోమ్ గోడల పక్కన గుడారాల్లో పడుకున్నారు. మా పని మధ్యాహ్నమే మొదలైంది. నా కౌంటరు నుంచి కోర్టు కనిపించదు. కాంక్రీటు గోడ, దాని మధ్యలో గ్యాలరీలోకి వెళ్లే దారి, అంతే. నేను ఆ మ్యాచ్‌ను చాలావరకు చెవులతోనే చూశాను. అక్కడ ఒక ఆచారం ఉంది. సిరక్యూస్ మొదటి బాస్కెట్ వేసేదాకా జనమంతా లేచి నిలబడి ఒకే లయలో చప్పట్లు కొడతారు. 35 వేల జతల చేతులు ఒక్కసారిగా కలుస్తుంటే నా ముందు వరుసగా పెట్టిన కూల్‌డ్రింక్ గ్లాసుల్లో వలయాలు కనిపించాయి. నేను ఒక గ్లాసును చేత్తో పట్టుకుని చూశాను, అదురు వేళ్లకు తెలిసింది. మన జాతరలో డప్పుల పక్కన నిలబడితే గుండెలో మోగుతుందే, అలాంటిది.

ఆట చివరి క్షణంలో ఆ హోరు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. డ్యూక్ ఆటగాడు రషీద్ సులైమాన్ సరిగ్గా సమయం ముగుస్తుండగా మూడు పాయింట్ల షాట్ వేసి స్కోరు సమం చేశాడు. నాకు అది నిశ్శబ్దంగా చేరింది. అదనపు సమయం మొదలయ్యేసరికి కౌంటరు ముందు ఒక్క మనిషి లేడు. మా పర్యవేక్షకురాలు ఏప్రాన్ విప్పకుండానే "వెళ్లి చూడండి" అంది. దారి మొదట్లో నిలబడి, ముందున్న భుజాల సందుల్లోంచి చివరి రెండు మూడు నిమిషాలు చూశాను. డ్యూక్ ఆటగాడు రాడ్నీ హుడ్ బంతిని బలంగా బుట్టలో దించబోతే రకీమ్ క్రిస్మస్ గాల్లోకి లేచి అడ్డుపడ్డాడు. బంతి లోపలికి వెళ్లలేదు. సిరక్యూస్ 91-89తో గెలిచింది. సి.జె. ఫెయిర్ ఆ రోజు 28 పాయింట్లు వేశాడు. పక్కనున్న ముక్కూముఖం తెలియని పెద్దాయన నన్ను వాటేసుకుని ఏడ్చాడు.

పని ముగిసి బయటికి వెళ్లేటప్పుడు కూడా ఆ జనం బరువు తెలిసేది. అప్పటి డోమ్ పైకప్పు గట్టి కప్పు కాదు, లోపలి గాలి ఒత్తిడితో నిలబడే గుడ్డ కప్పు. తలుపు తీయగానే ఆ గాలి వెనక నుంచి నెట్టేది. రెండు అడుగులు మనవి కావు. 2020లో దాన్ని మార్చి గట్టి పైకప్పు వేశారు.

ఇక జెర్సీల గౌరవం. దీనికి పరీక్ష మార్కుల్లాంటి ఒకే కొలమానం లేదు. దేశవ్యాప్త అత్యుత్తమ ఆటగాళ్ల జాబితాలో చోటు, కాలేజీ చరిత్రలో నిలిచిన ఆట, ఊరితో అనుబంధం, ఇవన్నీ చూస్తారు. సిరక్యూస్‌లో ఇంకో సంగతి గమనించాలి. బాస్కెట్‌బాల్‌లో జెర్సీని గౌరవిస్తారు, నంబరును మాత్రం తాళం వేసి దాచరు. డెరిక్ కోల్‌మన్ వేసిన 44ను తర్వాత జాన్ వాలెస్ వేశాడు. ఇద్దరి జెర్సీలకూ గౌరవం దక్కింది. అక్కడ 44 అంటే ఫుట్‌బాల్ వల్ల వచ్చిన పవిత్రత ఉంది. విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ కూడా 13244.

మొదటి గౌరవం 1981లో డేవ్ బింగ్ ధరించిన 22కు దక్కింది. మూడు సీజన్లలో సగటున మ్యాచ్‌కు 24.8 పాయింట్లు వేసినవాడు, తర్వాత డెట్రాయిట్ మేయర్ అయ్యాడు. కాలేజీలో అతని గదిలో ఉన్న స్నేహితుడు జిమ్ బేహైమ్ తర్వాత 47 సీజన్లు అదే జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 31 పెర్ల్ వాషింగ్టన్‌ది. 1984 జనవరిలో బోస్టన్ కాలేజీపై సమయం ముగుస్తుండగా సగం కోర్టు దూరం నుంచి బంతి విసిరి గెలిపించి, ఆగకుండా అలాగే డ్రెస్సింగ్ రూమ్‌లోకి పరుగెత్తాడు. డోమ్‌ను నింపింది ఎవరని అక్కడ ఎవరిని అడిగినా ముందు ఆయన పేరే చెబుతారు. 15 కార్మెలో ఆంథొనీది. ఒక్క ఏడాది ఆడి 2003లో జాతీయ టైటిల్ తెచ్చాడు. 2013 ఫిబ్రవరి 23న ఆ గౌరవం జరిగింది, ఎదుటి జట్టు జార్జ్‌టౌన్, హాజరు 35,012. అది అప్పటికి రికార్డు. జనం పొంగిపోయారు, జట్టు 57-46తో ఓడిపోయింది. ఆ రోజూ నేను కౌంటరులోనే ఉన్నాను. జార్జ్‌టౌన్ మీద పాత కోపం ఎంత లోతైనదో ఆ సాయంత్రం అర్థమైంది. మహిళల్లో ఈ గౌరవం తొలిసారి 2021లో ఫెలీషా లెగెట్-జాక్‌కు దక్కింది. ఇది చాలా ముందే జరగాల్సింది.

నేను నిజంగా చెప్పాలనుకున్నది 19 గురించి.

మొదటి సెమిస్టర్‌లో గౌరవం పొందినవారి పేర్లలో 'విల్మెత్ సిదాత్-సింగ్' అని చూసి, మా గదిలోని ముగ్గురం ఎవరో పంజాబీ ఆటగాడని తేల్చేశాం. ఇంటికి ఫోను చేసినప్పుడు నాన్నతో గర్వంగా చెప్పాను కూడా. ఏడాది తర్వాత, 2013 నవంబరులో, మేరీలాండ్ విశ్వవిద్యాలయం అతని కుటుంబానికి బహిరంగంగా క్షమాపణ చెప్పిందన్న వార్త చదివాక అసలు కథ తెలిసింది.

అతను 1918లో వాషింగ్టన్‌లో పుట్టిన నల్లజాతి అమెరికన్. పుట్టినప్పటి ఇంటిపేరు వెబ్. తండ్రి చనిపోయాక తల్లి భారతీయ మూలాలున్న శామ్యూల్ సిదాత్-సింగ్ అనే డాక్టరును పెళ్లి చేసుకుంది. ఆయన పిల్లవాణ్ని దత్తత తీసుకుని తన పేరు ఇచ్చాడు. కుటుంబం న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో స్థిరపడింది. కుర్రాడు బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్‌తో సిరక్యూస్ వచ్చి, ఫుట్‌బాల్‌లోనూ తారగా ఎదిగాడు. నల్లవారితో ఆడబోమని దక్షిణాది జట్లు మొండికేసే కాలమది. అతని పేరు చూసి పత్రికలు 'హిందూ' అని రాశాయి, ఆ మాటను అలాగే సాగనిచ్చారు. 1937 అక్టోబరులో మేరీలాండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు శామ్ లేసీ అనే నల్లజాతి పత్రికా రచయిత నిజం రాశాడు. సిదాత్-సింగ్ ఉంటే ఆడబోమని మేరీలాండ్ పట్టుబట్టింది. సిరక్యూస్ తలొగ్గి అతన్ని పక్కన కూర్చోబెట్టింది. ఆ రోజు 13-0తో ఓడింది. మరుసటి ఏడాది అదే మేరీలాండ్ సిరక్యూస్ వచ్చినప్పుడు అతను ఆడాడు. సిరక్యూస్ 53-0తో గెలిచింది.

చదువయ్యాక నల్లజాతి ఆటగాళ్ల వృత్తి జట్టు హార్లెమ్ రెన్స్‌లో ఆడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి పైలట్ల దళమైన టస్కీగీ వైమానికుల్లో పైలట్‌గా చేరాడు. 1943 మే 9న శిక్షణలో ఉండగా విమానం ఇంజను చెడి హ్యూరన్ సరస్సులో మునిగి చనిపోయాడు. వయసు 25. డోమ్‌లో 19వ నంబరు జెర్సీకి గౌరవం జరిగింది 2005లో, చనిపోయిన దాదాపు 62 ఏళ్లకు.

నాన్నకు మళ్లీ ఫోను చేసి సరిచేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన పేరు చాటున ఆ పిల్లవాణ్ని దాచారన్నమాట" అన్నారు. నాకూ అదే బాధ. ఒక తండ్రి ప్రేమగా ఇచ్చిన పేరును ఇంకెవరో ముసుగుగా వాడుకున్నారు. అందుకే ఆ వరుసలో అన్నిటికంటే నాకు దగ్గరైన గౌరవం అదే. అతను ఆడిన రోజుల్లో డోమ్ లేదు, మాన్లీ లేదు. 35 వేల చేతుల చప్పట్లు అతను ఎన్నడూ వినలేదు.

ఉద్యోగం వచ్చాక వర్జీనియాకు మారాను. 2016లో ఒక ఆదివారం ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానానికి వెళ్లి, ఫోనులో పేరు వెతికి అతని సమాధి పట్టుకున్నాను. కనుచూపు మేర ఒకే ఎత్తున్న తెల్లరాళ్లు, ఒకే దూరంలో. నేను అక్కడ ఉన్న గంటసేపట్లో ఆ వరుసలోకి ఇంకెవరూ రాలేదు.